ఆరోగ్యం, వృద్ధాప్యం మీద పీజీ: ఏ కోర్సు, ఏ నైపుణ్యం, ఏ ఉద్యోగం

కావలి నుంచి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. బీఎస్సీ (జువాలజీ, కెమిస్ట్రీ) అయింది. రెండేళ్లుగా ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రిపోర్టుల దగ్గర పని. వచ్చేవాళ్లలో సగం మంది పెద్దవయసువాళ్లే కావడంతో వాళ్ల ఆరోగ్యం మీదే పీజీ చేయాలనిపించింది. ఏ కోర్సులో చేరాలి, యూకే వెళ్లడం మంచిదా, చదువయ్యాక పని దొరకాలంటే ఇప్పటినుంచే ఏం నేర్చుకోవాలి?

ముందు సూటిగా జవాబు. చేయండి, మంచి ఆలోచన. అయితే డిగ్రీ పేరులో "జెరంటాలజీ" (వృద్ధాప్య శాస్త్రం) ఉండాలని పట్టుబట్టకండి. మీ చదువుకు ఎంపీహెచ్ (ప్రజారోగ్యం) గానీ, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్) గానీ, పాపులేషన్ స్టడీస్ (జనాభా అధ్యయనం) గానీ సరిపోతుంది. అందులో చేరి డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధన), ఫీల్డ్ వర్క్, ఇంటర్న్‌షిప్ మూడూ వృద్ధుల మీదే పెట్టుకోండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మూడు విషయాలు చూస్తారు: పెద్దవయసు మనిషి ఆరోగ్యాన్ని మీరు సరిగ్గా కొలవగలరా, ఆ కొలతను ఇంకొకరు నమ్మేలా రాసిపెట్టగలరా, తేడా కనబడితే ఎవరి దగ్గరికి పంపాలో తెలుసా. ఈ మూడూ వస్తే డిగ్రీ పేరు ఏదైనా పని దొరుకుతుంది.

ఇంకో మాట మొదటే తెలుసుకోవాలి. మాస్టర్స్ డిగ్రీ లైసెన్సు కాదు. రోగిని చూసే హక్కు ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ లాంటి మూల చదువు నుంచే వస్తుంది. బీఎస్సీ సైన్సు మీద ఆరోగ్య పీజీ చేసినవాళ్లకు సర్వే, కార్యక్రమ నిర్వహణ, పరిశోధన, సంస్థల నడపడం, సంక్షేమం, డేటా పనులు దొరుకుతాయి. అవి తక్కువ పనులేం కావు. కానీ "పీజీ అయ్యాక ఆసుపత్రిలో వృద్ధుల క్లినిక్ నడుపుతాను" అనే ఊహతో చేరితే రెండేళ్ల తర్వాత నిరాశే మిగులుతుంది.

ఎవరికి ఏ దారి

ఈ ప్రశ్న చదివేవాళ్లలో వేరే చదువులవాళ్లూ ఉంటారు కాబట్టి కొంచెం విడదీసి చెప్తాను.

ఎంబీబీఎస్ అయినవాళ్లకు ఎండీ జెరియాట్రిక్స్ (వృద్ధుల వైద్యం) ఉంది. దేశంలో ఈ ఎండీ మొట్టమొదట 1996లో మద్రాస్ మెడికల్ కాలేజీలో మొదలైంది, నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు గంటల్లో చేరే దూరం. వేలూరు సీఎంసీలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో కూడా ఉంది. బీఎస్సీ నర్సింగ్ వాళ్లకు ఎంఎస్సీ నర్సింగ్‌లో కమ్యూనిటీ హెల్త్ గానీ మెడికల్ సర్జికల్ గానీ తీసుకుని థీసిస్ వృద్ధుల మీద చేయడం మేలు. ఫిజియోథెరపీ వాళ్లకు ఈ రంగంలో గిరాకీ ఎక్కువ. పడిపోకుండా చూసే పని, పక్షవాతం తర్వాత నడిపించే పని వాళ్ల చేతిలోనే ఉంది.

మీలాంటి సైన్సు పట్టభద్రులకు దగ్గర్లో ఉన్నవి: హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఎంపీహెచ్, హైదరాబాద్‌లోనే ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఎంపీహెచ్, కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఎంఎస్‌డబ్ల్యూ. ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌లో పాపులేషన్ స్టడీస్ చేస్తే లెక్కల వైపు గట్టి పునాది పడుతుంది. ఎందుకంటే దేశంలో వృద్ధుల మీద అతిపెద్ద సర్వే అయిన లాసీని నడిపేది వాళ్లే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద పనిచేసే ఎన్ఐఎస్‌డీ అనే సంస్థ వృద్ధుల సంరక్షణ మీద ఏడాది పీజీ డిప్లొమా, ఇంకా చిన్న సర్టిఫికెట్ కోర్సులు నడుపుతూ వచ్చింది. ఆ ఏడాది నోటిఫికేషన్ ఉందో లేదో చూసుకుని దరఖాస్తు చేయండి. మాస్టర్స్‌కు తోడుగా అయితే అది పనికొస్తుంది, ఒక్క దానిమీదే ఆధారపడొద్దు.

తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పేరు ఈ సందర్భంలో చాలామందికి గుర్తురాదు. సైకాలజీ ఆచార్యులు పి.వి. రామమూర్తి అక్కడ వృద్ధాప్యం మీద పరిశోధనను దశాబ్దాల కిందటే మొదలుపెట్టారు. వృద్ధాప్య పరిశోధన కేంద్రం కూడా అక్కడ ఏర్పడింది. మన వైపు పల్లెల వృద్ధుల మనస్తత్వం మీద పాత పరిశోధన ఏదైనా కావాలంటే ముందు ఆ లైబ్రరీ థీసిస్‌లు చూడండి.

కోర్సు ఎంచుకునేటప్పుడు ప్రాస్పెక్టస్ అట్ట మీద పేరు పక్కన పెట్టి లోపలి వివరాలు చదవండి. బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో చెప్పే శాస్త్రం) ఒక్కో సెమిస్టర్ నిండుగా ఉన్నాయా? ఫీల్డ్ వర్క్ కనీసం ఎనిమిది వారాలైనా ఉందా? డిసర్టేషన్‌కు సొంతంగా డేటా సేకరించే వీలుందా? గైడ్లలో ఒక్కరైనా వృద్ధాప్యం మీద ఏదైనా రాశారా? నాలుగింటిలో మూడింటికి అవునంటే చేరొచ్చు.

యూకే గురించి

నెల్లూరు, ఒంగోలు కన్సల్టెన్సీలలో యూకే జెరంటాలజీ మాస్టర్స్ పేరు బాగా వినిపిస్తోంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. అక్కడ ఈ మాస్టర్స్ సాధారణంగా 180 క్రెడిట్లు, పూర్తికాలం చదివితే ఒక ఏడాది. అందులో డిసర్టేషన్‌కే చాలాచోట్ల 60 క్రెడిట్లు పోతాయి. చదువు నాణ్యంగా ఉంటుంది, జెరంటాలజీకి అక్కడ పాత సంప్రదాయం ఉంది. చిక్కంతా ఆ తర్వాతే.

ఒకటి, 2024 జనవరి నుంచి ఇలాంటి మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లు భార్యను, భర్తను, పిల్లలను వెంట తీసుకెళ్లడానికి లేదు. రెండు, చదువయ్యాక ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ రూట్ ఇప్పుడు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు మాస్టర్స్ మీద 18 నెలలే. మీరు ఈ ఏడాది కాక వచ్చే ఏడాది చేరితే ఏ లెక్క కిందికి వస్తారో కాగితం మీద తేదీలు వేసి చూసుకోండి. మూడు, "చదువు తర్వాత కేర్ వర్కర్ వీసాకు మారిపోవచ్చు, ఊళ్లో ఉన్న తమ్ముణ్ణి కూడా తెప్పించుకోవచ్చు" అని చెప్పే మాట నమ్మొద్దు. విదేశాల నుంచి కేర్ వర్కర్లను కొత్తగా తీసుకోవడం 2025 జులై 22 నుంచి ఆపేశారు. నాలుగు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు అక్కడ వృత్తి చేయాలంటే మాస్టర్స్‌తో సంబంధం లేకుండా రిజిస్ట్రేషన్ కావాలి. నర్సులకు అక్కడి నర్సింగ్ మండలి ఎన్ఎంసీ పెట్టే సీబీటీ (కంప్యూటర్ మీద), ఓస్కీ (చేసి చూపించేది) పరీక్షలు, ఫిజియోలకు ఆరోగ్య వృత్తుల మండలి హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్.

పొలం తాకట్టు పెట్టి వెళ్లే పరిస్థితి ఉంటే వద్దనే చెప్తాను. స్కాలర్‌షిప్ దొరికితే, పీహెచ్‌డీ ఆలోచన ఉంటే వెళ్లండి.

చదువుతుండగానే చేతికి రావలసినవి

అసలు విషయం ఇది. ఈ రంగంలో పనిముట్లు ఎక్కువేం లేవు, కానీ ఉన్నవాటిని తప్పుగా వాడేవాళ్లే ఎక్కువ. పుస్తకంలో ఒక పేజీలో అయిపోయే పరీక్ష ఉదయగిరి దగ్గర పల్లెలో ఒక అవ్వ ముందు కూర్చుని చేస్తే ఎన్నిచోట్ల తప్పిపోతుందో చెప్తాను.

*చూపు, వినికిడి ముందు.* జ్ఞాపకశక్తి పరీక్ష మొదలుపెట్టే ముందే కళ్లద్దాలు పెట్టుకున్నారా, చెవిలో గుబిలి ఉందా, కంటిలో శుక్లం ఉందా చూడండి. ప్రశ్న వినబడక జవాబు చెప్పని మనిషికి మతిమరుపు అని రాసేస్తే ఆ కాగితం వాళ్లను జన్మంతా వెంటాడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో తెచ్చిన ఐకోప్ పద్ధతిలో కదలిక, జ్ఞాపకం, పోషణ, చూపు, వినికిడి, మనసు అని ఆరు అంశాలున్నాయి. అవి ఒకదాన్నొకటి ఎలా పట్టి ఉంటాయో ఇక్కడ తెలుస్తుంది.

*జ్ఞాపకశక్తి పరీక్ష.* ఎంఎంఎస్ఈ 30 మార్కుల పరీక్ష. అందులో వాక్యం రాయమంటారు, 100 నుంచి 7 తీసేస్తూ పొమ్మంటారు. బడికి పోని మనిషికి ఇవి మతికి పరీక్ష కాదు, చదువుకు పరీక్ష. చదువురాని వాళ్ల కోసమే హిందీలో హెచ్‌ఎంఎస్ఈ తయారైంది. ఏస్-ఆర్ అనే ఇంకో జ్ఞాపకశక్తి పరీక్షకు హైదరాబాద్ నిమ్స్ న్యూరాలజీ వాళ్లు చేసిన తెలుగు రూపం ఉంది. ఏది వాడినా, ఈ రోజు తేదీ అడిగితే మన పెద్దవాళ్లు "పుష్యమాసం, తదియ" అంటారు. సరిగ్గా చెప్పారంటే మార్కు ఇవ్వాల్సిందే. దాన్ని తప్పుగా గుర్తించిన ఫారాలు చాలా కనబడతాయి. ఏ జవాబును ఒప్పు అనుకోవాలో సర్వేకు ముందే మీ బృందం రాసిపెట్టుకోవాలి, ఇంటి ముంగిట నిలబడి నిర్ణయించకూడదు.

*రోజువారీ పనులు.* కట్జ్ పట్టికలో ఆరు పనులు: స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మంచం నుంచి లేవడం, మలమూత్రాల అదుపు, తినడం. ఇవి ఎక్కడైనా ఒకటే. లాటన్ పట్టికలో ఎనిమిది పనులున్నాయి, వంట, బట్టలు ఉతకడం లాంటివి కూడా. ఇక్కడే తప్పు జరుగుతుంది. 75 ఏళ్ల పెద్దాయన జీవితంలో ఎప్పుడూ వంట చేయలేదు. "చేయరు" అని సున్నా వేస్తే ఆయన అశక్తుడైపోతాడు. "చేయాల్సి వస్తే చేయగలరా" అని అడగాలి. లేదంటే ఆ అంశం ఆయనకు వర్తించదని రాయాలి. అలాగే మన ఇళ్లకు తగిన ప్రశ్నలు రెండు మూడు కలపండి: కింద కూర్చుని లేవగలరా, నేల మరుగుదొడ్డి మీద కూర్చోగలరా, బిందెడు నీళ్లు మోయగలరా. కుర్చీ, కమోడ్ లెక్కలతో తయారైన పట్టికల్లో ఇవి ఉండవు.

*కదలిక.* టైమ్డ్ అప్ అండ్ గో పరీక్షకు కావలసినవి చేతులున్న కుర్చీ, 3 మీటర్ల గీత, స్టాప్‌వాచ్. కుర్చీలోంచి లేచి, గీత దాకా నడిచి, వెనక్కి తిరిగి, మళ్లీ కూర్చోవాలి. 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు. ఎప్పుడూ వాడే చెప్పులతో, ఎప్పుడూ పట్టుకునే కర్రతో నడవనివ్వండి. ప్లాస్టిక్ కుర్చీ వాడొద్దు, లేచేటప్పుడు జారుతుంది. పిడికిలి బలానికి ఆసియా సార్కోపీనియా (వయసుతో కండ తగ్గిపోవడం) బృందం 2019లో పెట్టిన హద్దు మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోలు, అంతకు తక్కువైతే బలహీనత. నడక వేగం సెకనుకు ఒక మీటరు కంటే తక్కువైతే కండరాల పని తగ్గిందని. పిడికిలి బలం కొలిచే చేతి డైనమోమీటర్ ఖరీదైనదే, కాలేజీది అడిగి తెచ్చుకోండి. చౌక రకం కొంటే రీడింగు నిలకడగా ఉండదు.

*ఎత్తు.* నడుము వంగిన మనిషి ఎత్తు కొలిస్తే తక్కువ వస్తుంది, బీఎంఐ ఎక్కువ వస్తుంది, బక్కచిక్కిన అవ్వ కాస్తా కాగితం మీద ఆరోగ్యంగా కనబడుతుంది. మోకాలి ఎత్తు గానీ, చేయి పక్కకు చాపి రొమ్ము ఎముక పైన ఉండే గుంట మధ్య నుంచి వేళ్ల మొదలు దాకా గానీ కొలిచి లెక్కగట్టండి.

*రక్తపోటు.* ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒక నిమిషానికి, మూడో నిమిషానికి. నిలబడ్డాక పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే కళ్లు తిరిగి పడే అవకాశం ఉంది. ఎండాకాలం ఒంగోలు, నెల్లూరు ఎండలో నీళ్లు తాగక, బీపీకి మూత్రం పోయించే మాత్ర వేసుకునేవాళ్లలో ఇది ఎక్కువగా దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇంటింటి సర్వే ఉదయం 7 నుంచి 10 లోపే ముగించండి. వాళ్ల కోసం, మీ కోసం కూడా.

*మందుల సంచి.* "ఏం మందులు వాడుతున్నారు" అని అడిగితే సగమే చెప్తారు. సంచి తెప్పించి మంచం మీద కుమ్మరించి ఒక్కొక్కటీ రాయండి. షుగరుకు గ్లిబెన్‌క్లమైడ్ పెద్దవయసులో ప్రమాదం, షుగరు దిగిపోయి పడిపోతారు. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమైన్ మతి చెదరగొడుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర తెచ్చుకున్న కీళ్లనొప్పుల డైక్లోఫెనాక్ కిడ్నీని దెబ్బతీస్తుంది. పెద్దవయసులో ఏ మందులతో జాగ్రత్తగా ఉండాలో చెప్పే బీర్స్ జాబితా, స్టాప్-స్టార్ట్ జాబితా రెండూ ఒకసారి పూర్తిగా చదవండి. మందు ఆపమని చెప్పే అధికారం మీకు లేదు. రాసి డాక్టరు ముందు పెట్టడం మాత్రం మీ పనే.

మీకు ల్యాబు అనుభవం ఉంది కాబట్టి ఒక లెక్క చూపిస్తాను. 80 ఏళ్ల అవ్వ, బరువు 40 కిలోలు, క్రియాటినిన్ 1.0. రిపోర్టులో నార్మల్ అనే వస్తుంది. కిడ్నీ పనిని అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో వేయండి: 140 లోంచి 80 తీస్తే 60, దాన్ని 40తో గుణించి, ఆడమనిషి కాబట్టి 0.85తో గుణించి, 72తో భాగించాలి. నిమిషానికి 28 మిల్లీలీటర్లు వస్తుంది. అంటే కిడ్నీ పని మూడో వంతు కూడా మిగల్లేదు. కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ పెరగలేదు, అంతే. రోజూ మీ చేతులమీదుగా వెళ్లే రిపోర్టుల్లో ఇలాంటివి ఎన్ని ఉంటాయో ఆలోచించండి. ఇది తెలిసిన అభ్యర్థికి ఇంటర్వ్యూలో విలువ ఉంటుంది.

మన జిల్లాల్లో ప్రత్యేకంగా గమనించాల్సినవి

కనిగిరి, పామూరు, దర్శి, పొదిలి వైపు, నెల్లూరు మెట్టలో ఉదయగిరి, వరికుంటపాడు వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా అని భారత ప్రమాణం. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌లో వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకుపోతాయి. 55 ఏళ్ల మనిషి 75 ఏళ్లవాడిలా నడుస్తాడు. అక్కడ నడక పరీక్ష ఫలితాన్ని "వయసు వల్ల" అని రాయడం తప్పు. బోరు నీళ్లు ఎన్నేళ్లు తాగారు, ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారు అనే రెండు ప్రశ్నలు ఫారంలో పెట్టండి. ఆ ప్రాంతంలోనే కిడ్నీ జబ్బు కేసులూ ఎక్కువ కాబట్టి పైన చెప్పిన లెక్క అక్కడ మరీ అవసరం.

డిసర్టేషన్‌కు ఇంతకంటే మంచి అంశం దొరకదు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు, లేని ఊళ్లు తీసుకుని 60 దాటినవాళ్ల నడక వేగం, రోజువారీ పనులు పోల్చి చూడండి. వలస ఇంకో అంశం. పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, అమెరికా వెళ్లిపోగా ఒంటరిగా మిగిలినవాళ్లకు సంరక్షణ ఎవరు చేస్తున్నారు? కోడలా, పక్కింటివాళ్లా, జీతానికి పెట్టుకున్న మనిషా? సంరక్షకుల మీద పడే భారాన్ని జారిట్ 22 ప్రశ్నల పట్టికతో కొలవొచ్చు.

వయసు తెలుసుకోవడం

ఇది చిన్న విషయంలా కనబడుతుంది, కానీ మొత్తం థీసిస్‌ను పాడుచేస్తుంది. ఆధార్‌లో చాలామంది పెద్దవాళ్ల పుట్టినరోజు జనవరి 1 గానీ జులై 1 గానీ ఉంటుంది, ఎవరో వేసిన అంకె. నోటితో అడిగితే 60, 65, 70 అని గుండ్రంగా చెప్తారు. పైగా ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, దానికి 60 నిండాలి. ఫారం పట్టుకొచ్చిన మనిషికి వేరే వయసు చెప్తే పింఛను పోతుందేమో అనే భయం సహజం. మీరు పింఛను వాళ్లు కాదని, ఈ కాగితం ఆ ఆఫీసుకు పోదని మొదటే చెప్పండి.

తర్వాత సంఘటనల పట్టీ వాడండి. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, తర్వాత 1972లో ప్రకాశం అని పేరు మారింది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయింది 1983లో. సునామీ 2004 డిసెంబరులో. "ఉప్పెన నాటికి పెళ్లయిందా, చంకలో పిల్ల ఉందా" అని అడిగితే రెండు మూడేళ్ల తేడాలో వయసు తేలుతుంది. తీరగ్రామాల్లో ఇది బాగా పనిచేస్తుంది. మెట్ట ఊళ్లలో ఆ ఊరి సంఘటనలు, కరెంటు వచ్చిన ఏడు, చెరువు తెగిన ఏడు లాంటివి కలుపుకోండి.

డిసర్టేషన్ లెక్కలు, అనుమతులు

నమూనా సంఖ్య గురించి. ఒక సమస్య 30 శాతం మందిలో ఉంటుందనుకుని, 5 శాతం అటూఇటూ తేడాతో తెలుసుకోవాలంటే 4 × 30 × 70 ÷ 25 = 336 మంది. పది శాతం మంది దొరకరనుకుంటే 374. ఊళ్లను గుంపులుగా ఎంచుకుంటే ఒకే ఊరివాళ్లు ఒకేలా ఉంటారు కాబట్టి 336ను 1.5తో పెంచాలి, అది 504, దొరకనివాళ్లతో కలిపి 560. ఒక్క విద్యార్థి ఒక సెమిస్టర్లో 560 మందిని పూర్తిగా పరీక్షించడం కష్టం. అలాంటప్పుడు అంశాన్ని చిన్నది చేసుకోండి గానీ కొలతలను తొందరగా ముగించొద్దు.

సొంత డేటా వీలుకాకపోతే లాసీ ఉంది. 2017-18లో 45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 72 వేల పైచిలుకు మందిని పరీక్షించారు, 2021 జనవరిలో నివేదిక వచ్చింది. విద్యార్థులు దరఖాస్తు పెట్టుకుంటే డేటా ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌ను విడిగా తీసి చేయొచ్చు. అందులో వెయిట్లు (ఒక్కొక్కరు ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) వేయకుండా శాతాలు రాస్తే పరీక్షకులు మొదటి ప్రశ్నలోనే పట్టుకుంటారు. ఆర్ గానీ స్టాటా గానీ, ఏదో ఒక గణాంకాల సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. ఆర్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. ఊళ్లలో డేటా సేకరణకు కోబో టూల్‌బాక్స్ ఫోనులోనే పనిచేస్తుంది, సిగ్నల్ లేని చోట కూడా.

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఫారం కూడా నింపొద్దు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం చదువురానివాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకునేటప్పుడు మీ బృందానికి చెందని సాక్షి ఉండాలి. మతిమరుపు బాగా ఉన్నవాళ్లకు చట్టబద్ధమైన ప్రతినిధి అనుమతితో పాటు వాళ్ల సమ్మతి కూడా అడగాలి. వాళ్లు తల అడ్డంగా ఊపితే ఆపేయాలి. కుంగుబాటు ప్రశ్నలు (జీడీఎస్ 15 అనే 15 ప్రశ్నల పట్టిక) కోడలి ముందు, కొడుకు ముందు అడగొద్దు. "ఏదో కాలం గడుస్తోంది బాబూ" అనే జవాబు వస్తే అవునో కాదో తేల్చకుండా మార్కు వేయొద్దు. ఒకరు ఆ మనిషితో మాట్లాడుతుంటే బృందంలో ఇంకొకరు ఇంట్లోవాళ్లను వసారాలో మాటల్లో పెట్టడం మంచి పద్ధతి. వేధింపు సంగతి బయటపడితే ఏం చేయాలో కూడా ముందే రాసుకోండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు బృందంలో అందరి దగ్గరా ఉండాలి.

ఉద్యోగం ఎక్కడ

కేంద్రం 2010-11లో మొదలుపెట్టిన ఎన్‌పీహెచ్‌సీఈ అనే వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలో పది పడకల వృద్ధుల వార్డు, ఓపీ, ఫిజియోథెరపీ ఉండాలి. సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రం) వారానికి రెండుసార్లు, పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) వారానికోసారి క్లినిక్ ఉండాలి. వీటికి కాంట్రాక్టు పోస్టులు జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) కార్యాలయం ద్వారా, జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా వస్తాయి. జిల్లా వెబ్‌సైట్లో నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. దరఖాస్తుకు వారం రోజులే ఇచ్చే సందర్భాలుంటాయి కాబట్టి సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, స్థానికత కాగితాలు ముందే సిద్ధంగా పెట్టుకోండి.

ఐసీఎంఆర్ నిధులతో వైద్య కళాశాలల్లో నడిచే పరిశోధనల్లో ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్, ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్ పోస్టులు ఉంటాయి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలకు ఒకసారి వెళ్లి పరిచయం చేసుకోండి, చదువు ముగిశాక కాదు, మొదటి సెమిస్టర్ సెలవుల్లోనే. హెల్పేజ్ ఇండియా లాంటి స్వచ్ఛంద సంస్థలు, మతిమరుపు జబ్బు మీద పనిచేసే ఏఆర్‌డీఎస్‌ఐ, పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే) బృందాలు, వృద్ధాశ్రమాలు, ఇంటికి నర్సులను పంపే కంపెనీలు మిగతా దారులు. ప్రైవేటులో జీతం మొదట తక్కువే. రెండేళ్ల ఫీల్డ్ అనుభవం తర్వాత పెరుగుతుంది.

సంక్షేమం వైపు వెళ్లాలనుకుంటే 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం మీద పట్టు ఉండాలి. దరఖాస్తు ఆర్డీఓ ట్రిబ్యునల్‌లో. నెలకు గరిష్ఠంగా 10,000 దాకా పోషణ ఇప్పించొచ్చు. 23వ సెక్షన్ కింద, చూసుకుంటామని ఆస్తి రాయించుకుని వదిలేస్తే ఆ బదిలీని రద్దు చేయించొచ్చు, అయితే రాసిన కాగితంలో ఆ షరతు ఉండడం ముఖ్యం. 2024 అక్టోబరు నుంచి 70 నిండిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో పనిలేకుండా, కుటుంబం లెక్కన ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఇచ్చే వయ వందన కార్డు వచ్చింది. ఈ పథకాలు నోటికి రాకపోతే ఊళ్లో మిమ్మల్ని ఎవరూ రెండోసారి ఇంట్లోకి రానివ్వరు. అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇంటర్వ్యూలో తరచుగా వచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: "82 ఏళ్ల ఆమె, ఈ మధ్య రెండుసార్లు పడింది, ఆరు రకాల మందులు వాడుతోంది, ఒంటరిగా ఉంటుంది. ఏం చేస్తారు?" వెంటనే ఎక్స్‌రే, కాల్షియం అనేవాళ్లు వెనకబడిపోతారు. చెప్పాల్సిన వరుస ఇది. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా పడింది. నిలబెట్టి బీపీ. మందుల సంచి, ముఖ్యంగా నిద్రమాత్రలు, షుగరు, బీపీ మందులు. చూపు. నడక పరీక్ష. ఇంట్లో రాత్రి మరుగుదొడ్డికి పోయే దారిలో దీపం ఉందా, గడప ఎంత ఎత్తు, చెప్పులు జారుతున్నాయా. చివరగా, ఆమెకు ఏది ముఖ్యం. గుడికి నడిచిపోవడమా, మనవడి పెళ్లికి ప్రయాణమా? చికిత్స ఆ లక్ష్యం చుట్టూ అల్లాలి. మనసు, కదలిక, మందులు, కలగలిసిన జబ్బులు, ఆ మనిషికి ముఖ్యమైనది అనే ఐదు అంశాల పద్ధతి జెరియాట్రిక్స్‌లో ఇప్పుడు అందరూ వాడేదే.

చేతిలో పెట్టుకుని వెళ్లాల్సినవి మూడు: పేర్లు తీసేసి పూర్తిగా రాసిన పది వృద్ధుల పరీక్షా నివేదికలు, మీరే శుభ్రం చేసి విశ్లేషించిన ఒక డేటా ఫైలు దాని కోడ్‌తో సహా, ఒక పీహెచ్‌సీ పరిధిలో వృద్ధుల క్లినిక్ ఎలా నడుస్తోందో రెండు పేజీల పరిశీలన. తెలుగులో ఒక ప్రతి, ఇంగ్లీషులో ఒక ప్రతి. తెలుగు ప్రతి పీహెచ్‌సీ సిబ్బందికి ఇవ్వండి. మళ్లీ వెళ్లినప్పుడు రిజిస్టర్లు తీసి చూపిస్తారు.

ఇప్పుడు మీరు చేసే ఉద్యోగం మానొద్దు. అడ్మిషన్లు వచ్చేదాకా రోజూ ఒక గంట బయోస్టాటిస్టిక్స్ చదవండి. ఆదివారాలు దగ్గర్లోని వృద్ధాశ్రమానికి వెళ్లి, నిర్వాహకుల అనుమతితో బీపీ చూడడం, మందుల జాబితా రాయడం అలవాటు చేసుకోండి. ఏ ఎంట్రన్స్ రాయాలనుకుంటున్నారో, డిగ్రీలో మార్కుల శాతం ఎంతో ఇక్కడ రాస్తే ఏ కోర్సుకు అర్హత సరిపోతుందో విడిగా చెప్తాను.